క్రిస్మస్ రాత్రి భోజనానికి మసాలా హ్యామ్, బెల్లం గ్లేజ్: విశాఖ వంటింట్లో మొదటి నుంచి చివరిదాకా

హ్యామ్ (ఉప్పునీళ్లలో ఊరబెట్టి ఉడికించిన పంది తొడ) సరిగ్గా కుదరలేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేవి రెండే. ఎన్ని రోజులు ఊరబెట్టారు? దించేటప్పుడు లోపల వేడి ఎంత ఉంది? పైన పూసే బెల్లం పాకం, అదే గ్లేజ్, గురించి అందరూ తెగ టెన్షన్ పడతారు గానీ అది అరగంట పని. అంతకుముందు ఎనిమిది రోజులు ఫ్రిజ్‌లో జరిగే పనిలో తేడా వస్తే, పాకం ఎంత మెరిసినా లోపల ఉప్పు కషాయమో చప్పిడి ముక్కో మిగులుతుంది. అందుకే ఇక్కడ ఊరబెట్టడం గురించే ఎక్కువ చెబుతాను.

లెక్క వెనక నుంచి వేసుకోండి. 25వ తేదీ రాత్రి ఎనిమిదింటికి భోజనం అనుకుంటే మాంసం 16న ఉప్పునీళ్లలో పడాలి. 24 ఉదయం బయటికి తీసి రుచి చూడాలి. 25న చర్చి నుంచి వచ్చి, మధ్యాహ్నం రెండింటికి ఉడకబెట్టడం మొదలుపెడితే చాలు. ఇంట్లో కేకులు, గులాబీ పువ్వులు, కజ్జికాయల పని ఎలాగూ ఉంటుంది. హ్యామ్‌లో గొప్ప సుగుణం ఏమిటంటే, ఆ వారమంతా అది మనల్ని ఏమీ అడగదు.

మాంసం

విశాఖలో పంది మాంసం దొరకడం కష్టమేమీ కాదు. హ్యామ్‌కి పనికొచ్చే ముక్క సంపాదించడమే కష్టం. ఇక్కడ కొనేవాళ్లలో ఎక్కువమంది కూరకే కొంటారు కాబట్టి దుకాణంలో చెయ్యి ముక్కలు కొట్టడానికే అలవాటు పడి ఉంటుంది. "తమ్ముడూ, వెనక కాలు, తొడ భాగం మూడు కిలోలు కావాలి" అంటామా, వెంటనే "ముక్కలు కొట్టీమంటారేటండీ?" అంటూ కత్తి ఎత్తేస్తాడు. ముందు వారమే వెళ్లి చెప్పి పెట్టుకోండి. ఒకే ముక్కగా కావాలి, తోలు తియ్యొద్దు, ఎముక మాత్రం తీసి విడిగా ఇవ్వాలి. ఎముక ఉంచితే చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ మన ఇళ్లలోని ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) కాలు మొత్తం పట్టదు. పైగా ఎముక చుట్టూ ఉప్పు అందకపోతే అక్కడి నుంచే మాంసం పాడవడం మొదలవుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఎముక తీయించడమే మంచిది.

సీమ పంది తీసుకోండి. నాటు పంది కూరకి రుచే గానీ తొడ చిన్నది, పీచు గట్టిది. పైన కొవ్వు వేలు మందాన ఉండాలి. గ్లేజ్ పట్టేది ఆ కొవ్వుకే. వెంట్రుకలు పోవడానికి తోలు కాలుస్తారు కదా, ఆ మసి అక్కడే బాగా గీకించి కడిగించండి.

కోసిన వైపు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. మాంసం మధ్యలో బియ్యపు గింజంత, సగ్గుబియ్యమంత తెల్లటి బుడిపెలు కనిపిస్తే ఆ ముక్క వద్దు. అవి బద్దెపురుగు తిత్తులు. బాగా ఉడికిస్తే చస్తాయన్న మాట నిజమే. అయినా పండగ పూట విందుకి అలాంటి ముక్క తేవడం దేనికి?

సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్లలో వచ్చే పల్చటి హ్యామ్ స్లైసులు శాండ్‌విచ్‌కే, ఈ పనికి రావు. ఉడికించిన హ్యామ్‌ని ఒకే గడ్డగా ఎవరైనా ఆర్డర్ మీద తెచ్చిస్తే మాత్రం ఊరబెట్టే భాగం వదిలేసి నేరుగా గ్లేజ్ దగ్గరికి వెళ్లొచ్చు. అది ఫ్రిజ్‌లోంచి వస్తుంది కాబట్టి ముందు ఫాయిల్ కప్పి, 160 డిగ్రీల ఓవెన్‌లో లోపలిదాకా బాగా వేడెక్కించాకే పాకం పూయాలి.

ఉప్పునీళ్లు

మూడు కిలోల మాంసానికి రెండు లీటర్ల నీళ్లు. రెండూ కలిపి ఐదు కిలోలు అవుతుంది. మిగతా కొలతలన్నీ ఈ ఐదు కిలోల మీదే వేస్తాం. కిలోకి 28 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల బెల్లం, రెండున్నర గ్రాముల క్యూరింగ్ సాల్ట్. అంటే మొత్తం 140 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల బెల్లం, 12.5 గ్రాముల క్యూరింగ్ సాల్ట్. మీ ముక్క చిన్నదో పెద్దదో అయితే ఇదే లెక్కన మార్చుకోండి. ఉప్పు చెంచాలతో కొలవొద్దు. కళ్లుప్పు చెంచా వేరు, మెత్తని ఉప్పు చెంచా వేరు. తూకం ఒక్కటే నమ్మకం. ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. ఉన్న ఉప్పంతా మాంసానికీ నీటికీ సమానంగా సర్దుకుంటుంది కాబట్టి ఒక రోజు ఎక్కువ ఉన్నా ఉప్పు మించిపోదు.

క్యూరింగ్ సాల్ట్ దగ్గర జాగ్రత్త. ప్రేగ్ పౌడర్ నంబర్ 1 పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులో 6.25 శాతం సోడియం నైట్రైట్, మిగతాది మామూలు ఉప్పు. హ్యామ్‌కి ఆ గులాబీ రంగూ, ఆ ప్రత్యేకమైన రుచీ దీనివల్లే వస్తాయి. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే బ్యాక్టీరియాని అడ్డుకునేదీ ఇదే. మామూలు ఉప్పుతో కలిసిపోకుండా గుర్తుపట్టడానికి దీనికి గులాబీ రంగు వేస్తారు. ఆ రంగు చూసి కొందరు సైంధవ లవణం అనుకుంటారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. సైంధవ లవణం వేస్తే హ్యామ్ అవ్వదు. క్యూరింగ్ సాల్ట్‌ని వంట ఉప్పులా వాడితే ఆస్పత్రి పాలవుతారు. గ్రాములు సరిగ్గా చూపించే చిన్న త్రాసుతోనే తూచండి, డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పిల్లలకి అందని చోట పెట్టండి. నంబర్ 2 అని ఇంకోటి ఉంటుంది. అది నెలల తరబడి ఆరబెట్టే మాంసానికి, మనకొద్దు.

వెనకటి ఆంగ్లో ఇండియన్ వంటల్లో మాంసానికి ఉప్పు, నిమ్మరసం, బెల్లంతో పాటు సూరేకారం పట్టించి బరువు కింద ఊరబెట్టేవారు. వాల్తేరు రైల్వే క్వార్టర్ల వైపు పెరిగినవాళ్లకి ఆ రుచి తెలిసే ఉంటుంది. సూరేకారం చేసే పనీ చివరికి ఇదే, కాకపోతే కొలత చేతిలో ఉండదు. ఎరువుల కొట్లోనో, బాణసంచా తయారీకి అమ్మేచోటో దొరికేది తినేదే కాదు.

క్యూరింగ్ సాల్ట్ అసలు వద్దనుకుంటే? ఉప్పు 150 గ్రాములు చేసి, నాలుగు రోజులే ఊరబెట్టండి. రంగు మామూలు ఉడికించిన మాంసంలా బూడిద తెలుపుగా ఉంటుంది. రుచి బాగుంటుంది గానీ హ్యామ్ రుచి అనలేం.

ఇక మసాలా. రెండు చెంచాల మిరియాలు కచ్చాపచ్చాగా దంచుకోండి. చింతపల్లి, పాడేరు కాఫీ తోటల్లో చెట్లకి పాకించి పెంచే మిరియాలు దొరికితే వాటికి మించినవి లేవు. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే కదా, వాళ్ల దుకాణాల్లో మిరియాలూ తేనే రెండూ ఒకేసారి తెచ్చుకోవచ్చు. వీటికి ఎనిమిది లవంగాలు, వేలంత దాల్చిన చెక్క, ఒక అనాస పువ్వు, కొంచెం జాపత్రి, చెంచా ధనియాలు, రెండు బిర్యానీ ఆకులు, చితక్కొట్టిన వెల్లుల్లి ఒక గడ్డ, ఒక కమలా పండు తొక్క. యాలకులు వేయొద్దు. వేస్తే బిర్యానీ వాసన వస్తుంది.

ఒక లీటరు నీళ్లలో ఉప్పు, బెల్లం, మసాలా వేసి ఒక పొంగు రానిచ్చి దించండి. బెల్లంలో ఇసుక, పీచు ఉంటాయి, వడకట్టి మసాలా విడిగా పెట్టుకోండి. మిగతా లీటరు చల్లటి నీళ్లు కలిపి, పూర్తిగా చల్లారాక క్యూరింగ్ సాల్ట్ కరిగించండి. గోరువెచ్చగా ఉన్నా సరే, అప్పుడే మాంసం వేయకండి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబడ్డాకే వేయాలి.

సూది పని

మూడు కిలోల గడ్డ మధ్యకి ఉప్పు దానంతట అది చేరాలంటే వారం చాలదు. అందుకే లోపలికి ఎక్కించాలి. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి, లావుపాటి సూది తెచ్చుకోండి. వడకట్టిన ఉప్పునీళ్లలోంచి 300 మిల్లీలీటర్లు తీసి, రెండేసి అంగుళాల దూరంలో సూదిని బాగా లోతుకి దించి, వెనక్కి లాగుతూ మెల్లగా నొక్కండి. ఎముక తీసిన చోట, మాంసం బాగా మందంగా ఉన్న చోట ఎక్కువగా. కొంత నీరు బయటికి చిమ్ముతుంది, కంగారు పడకండి, మిగతా నీళ్లలోనే కలుస్తుంది. పెద్దలు ముక్క చూసుకునేంతలో పిల్లలు సూది కోసం ఎగబడతారు, అదొక కాపలా.

తర్వాత మాంసాన్ని చుట్టలా చుట్టి, నూలు దారంతో అంగుళంన్నర దూరంలో గట్టిగా కట్టండి. నైలాన్ తాడు వద్దు. స్టీలు గిన్నెలో గానీ తినే వస్తువులకి వాడే ప్లాస్టిక్ డబ్బాలో గానీ పెట్టి, నీళ్లూ పక్కన పెట్టిన మసాలా పోసేయండి. సత్తు గిన్నె మాత్రం వద్దు, ఉప్పు దాన్ని తినేస్తుంది. ముక్క తేలితే పైన పింగాణీ ప్లేటు బోర్లించండి. రోజుకోసారి తిప్పి పెట్టండి.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటకూడదు. డయల్ మీద అంకెల్ని నమ్మకుండా లోపల థర్మామీటర్ పెట్టి చూడండి. పండగ వారంలో నీళ్ల సీసాల కోసం, కేకు సామాన్ల కోసం తలుపు పది నిమిషాలకోసారి తీస్తూనే ఉంటారు కాబట్టి గిన్నెని కింది అరలో, బాగా వెనక్కి జరిపి పెట్టండి. డిసెంబర్ అంటే మనకి బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం కూడా. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం నిలుపుకుంటుంది. అంతకు మించేలా ఉంటే గిన్నెకి గట్టిగా మూత పెట్టి, పెద్ద టబ్బులో ఐసు మధ్య కూర్చోబెట్టండి. ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే ఐసు బాగా దొరుకుతుంది. అది గిన్నె బయట వేయడానికే, లోపలికి వద్దు.

నీళ్లు జిగురుగా తీగలు సాగినా, పుల్లటి కుళ్లు వాసన వచ్చినా ఇంక ఆలోచన వద్దు, పారేయండి.

24న తీసి చూడటం

మాంసం బయటికి తీసి కడగండి. ఊరిన నీళ్లు పారబోయండి, వాటిని మళ్లీ దేనికీ వాడకూడదు. అంచు నుంచి పల్చటి ముక్క కోసి, పెనం మీద బాగా వేయించి రుచి చూడండి. ఉప్పు సరిపోతే మూత పెట్టి రాత్రికి ఫ్రిజ్‌లో ఉంచేయండి. ఎక్కువైతే మామూలు చల్లటి నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లోనే ఐదారు గంటలు పెట్టి తీయండి. ఉడికేటప్పుడు కూడా కొంత ఉప్పు నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఇప్పుడు నాలిక్కి ఒక చిటికెడు ఎక్కువ అనిపించినా వదిలేయొచ్చు.

ఉడకబెట్టడం

ఇక్కడ తొందరపడి కుక్కర్ తీసేవాళ్లున్నారు. కుక్కర్‌లో మాంసం పీచులు పీచులుగా విడిపోయి, కొవ్వు కరిగిపోయి కూర ముక్కలా అవుతుంది. ముక్క చెదరకుండా పల్చగా తెగాలంటే నీళ్లు మరగకూడదు.

ముక్క పూర్తిగా మునిగే గిన్నెలో కొత్త నీళ్లు పోసి, ఉల్లిపాయ, క్యారెట్, పది మిరియాలు, బిర్యానీ ఆకు వేసి పెట్టండి. నీళ్లు 80 డిగ్రీల దగ్గరికి వచ్చాక మంట తగ్గించండి. అప్పుడు నీటి పైభాగం వణుకుతున్నట్టు ఉంటుంది, అంచుల్లో అప్పుడొకటి అప్పుడొకటి బుడగ లేస్తుంది. గలగలమందంటే మంట ఎక్కువైనట్టే. చిన్న పొయ్యి సిమ్‌లో పెట్టినా మరుగుతుంటే కింద పాత పెనం వేసి దాని మీద గిన్నె పెట్టండి. పైకి వచ్చే తెట్టు తీస్తూ ఉండండి.

కిలోకి 45 నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. మూడు కిలోలకి రెండుంబావు నుంచి మూడు గంటలు. అయినా గడియారం అంచనాకే. ముక్క మధ్యలో గుచ్చిన థర్మామీటర్ 70 డిగ్రీలు చూపించాలి. మాంసం ఉడికిందో లేదో రంగుని బట్టి చెప్పే అలవాటు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే క్యూరింగ్ సాల్ట్ వేసిన ముక్క పచ్చిగా ఉన్నా గులాబీయే, ఉడికినా గులాబీయే. కొన్ని వందల రూపాయల ప్రోబ్ థర్మామీటర్ లేకుండా ఈ వంటకి దిగొద్దు.

70 రాగానే మంట ఆపి, అదే నీళ్లలో అరగంట ఉంచి తీయండి. ఆ నీళ్లు పారబోయకండి, రేపు పనుంది.

గ్లేజ్

మాంసం నీళ్లలో చల్లారేలోగా పాకం పెట్టుకోవచ్చు. 200 గ్రాముల అనకాపల్లి బెల్లం తీసుకోండి. డిసెంబర్‌లో కొత్త బెల్లం వస్తుంటుంది. పచ్చగా మెరిసేది చూసి మోసపోకండి, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కాస్త నల్లగా ముదురు రంగులో ఉన్న ముద్దకే లోతైన రుచి ఉంటుంది. రెండు కమలా పండ్ల రసం పోసి కరిగించి వడకట్టండి. అందులో రెండు చెంచాల తేనె, చెంచా అల్లం రసం, చెంచా మిరియాల పొడి, అర చెంచా దాల్చిన చెక్క పొడి, చిటికెడు లవంగాల పొడి, రెండు చెంచాల వెనిగర్. ఉప్పు వేయొద్దు.

పాకం పెట్టడం మనకి చెప్పాలా? అయినా ఒక మాట. వేళ్ల మధ్య తీగ సాగకముందే దించేయండి. గరిటె వెనక వైపు పూతలా నిలిచి, వేలితో గీస్తే దారి మిగలాలి, అంతే. తీగపాకం వస్తే ఓవెన్‌లో గట్టిపడి, కోసేటప్పుడు గాజు పెంకుల్లా విరిగి రాలిపోతుంది. దించాక కొంచెం వెన్న, చెంచా ఆవపిండి కలపండి. ఆవపిండిని ముందే చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెడితే ఘాటు లేస్తుంది. పనసపొట్టు కూరలో ఆవ చివర్లో కలిపినట్టే ఇక్కడా దించాకే కలపాలి, లేకపోతే ఘాటంతా పొయ్యి మీదే పోతుంది.

ఇప్పుడు దారం విప్పి, వెచ్చగా ఉండగానే తోలు తీయాలి. ఒక అంచున కత్తి దూర్చి వదులు చేసి, బట్టతో పట్టుకుని లాగితే దుప్పటిలా వచ్చేస్తుంది. కింద కొవ్వు అర సెంటీమీటరు మందాన ఉంచి, మిగతాది కోసేయండి. కొవ్వు మీద కత్తి కొనతో ఏటవాలుగా రెండు సెంటీమీటర్ల దూరంలో గీతలు, మళ్లీ అడ్డంగా గీతలు. కాజు బర్ఫీ ఆకారం రావాలి. కత్తి కొవ్వులోనే ఆగాలి, మాంసంలోకి దిగితే రసం కారి పాకం జారిపోతుంది. ప్రతి గీత కలిసే చోట ఒక లవంగం గుచ్చండి అని పుస్తకాల్లో ఉంటుంది. నా మట్టుకు ఒకటి వదిలి ఒకటి గుచ్చుతాను. మన లవంగాలు ఘాటైనవి, అన్నిచోట్లా ఉంటే నోట్లో పంటి డాక్టర్ దగ్గరి వాసన తప్ప ఇంకేం తెలియదు.

ఓవెన్ 190 డిగ్రీలకి వేడెక్కించండి. ట్రేలో ఫాయిల్ పరిచి, ఒక గ్లాసు నీళ్లు పోసి, పైన జాలీ మీద ముక్క పెట్టండి. నీళ్లు లేకపోతే కారిన పాకం మాడి ఇల్లంతా పొగ. ఓటీజీలో పై కడ్డీలు దగ్గరగా ఉంటాయి కాబట్టి అన్నిటికంటే కింది అర వాడండి. పాకం ఒకసారి పూసి పది నిమిషాలు, మళ్లీ పూసి పది నిమిషాలు, మూడోసారి పూసి పది నిమిషాలు. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉండటం వల్ల పంచదార కన్నా తొందరగా రంగు తిరుగుతుంది. మూడో విడతలో ఓవెన్ ముందు నుంచి కదలొద్దు, ఫోన్ మోగినా సరే. ఒక మూల నల్లబడుతుంటే అక్కడ చిన్న ఫాయిల్ ముక్క కప్పండి. గీతల అంచులు ముదురు గోధుమ రంగులోకి వచ్చి, పాకం చిన్న చిన్న బుడగలతో ఉడుకుతుంటే అయిపోయినట్టే.

ఓవెన్ లేనివాళ్లు వెడల్పాటి మందపాటి కడాయిలో పాకం పోసి, కొవ్వు వైపు కిందికి ఉండేలా ముక్క పెట్టి, సన్నని సెగ మీద పాకాన్ని గరిటెతో పైనుంచి పోస్తూ పావుగంట తిప్పండి. రంగు అంత సమానంగా రాదు, రుచికి మాత్రం లోటుండదు. కేకులు కాల్చుకోవడానికి వెళ్లే బేకరీకి దీన్ని కూడా తీసుకెళ్దామనుకుంటే, పంది మాంసం అని ముందే చెప్పి అడగండి. చాలామంది ఒప్పుకోరు, అది వాళ్ల ఇష్టం. భోజనానికి పిలిచినవాళ్ల విషయంలోనూ అంతే. తిననివాళ్లకి విడిగా కోడి కూర, వేరే గరిటె, వేరే చాకు పెట్టండి.

కోయడం, మిగిలినది

ఓవెన్‌లోంచి తీశాక 20 నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత పొడవాటి పదునైన కత్తితో, పీచుకి అడ్డంగా, వీలైనంత పల్చగా కోయండి. మొదటి ముక్క అంచుది, ఉప్పూ బెల్లం రెండూ ఎక్కువ ఉంటాయి. అది వంట చేసినవాళ్ల వాటా. మిగిలిన పాకంలో హ్యామ్ ఉడికించిన నీళ్లు రెండు గరిటెలు కలిపి వేడిచేస్తే పక్కన పోసుకోవడానికి గ్రేవీ. పక్కన మెదిపిన బంగాళాదుంప, బీన్స్, మెత్తటి బన్నులు ఉంటే నిండుగా ఉంటుంది. మసాలా దట్టించిన పులావుతో మాత్రం హ్యామ్ రుచి తేలిపోతుంది. తెల్లన్నం, పల్చటి పప్పుచారు పెట్టి చూడండి, ఆశ్చర్యపోతారు.

మన దగ్గర డిసెంబర్ చలి పేరుకే. బల్ల మీద రెండు గంటలు దాటనివ్వకుండా మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజులు ఉంటుంది. ముక్కలు విడివిడిగా బటర్ పేపర్ మధ్య పేర్చి ఫ్రీజర్‌లో పెడితే నెల దాటినా బాగుంటుంది. మర్నాడు పొద్దున బ్రెడ్డు మీద ఆవకాయ గుజ్జు రాసి చల్లటి హ్యామ్ పెట్టుకుంటే టిఫిన్ అయిపోయినట్టే. విడిగా తెచ్చుకున్న ఎముకని ఫ్రీజర్‌లో దాచి ఉంటారు కదా, దాన్ని హ్యామ్ ఉడికించిన నీళ్లలో వేసి, నానబెట్టిన బఠాణీ పప్పు, ఉల్లిపాయ, మిరియాలతో గంటన్నర కాచండి. నీళ్లలో ఉప్పు ఉంటుంది, రుచి చూసి మామూలు నీళ్లు కలుపుకోండి, వేరే ఉప్పు వేయక్కర్లేదు. దించాక నిమ్మకాయ పిండండి.